ఊక మిగలాలన్నా, పొగ తగ్గాలన్నా: డెల్టా ఇటుక బట్టీలకు ఒక క్రమం

గోదావరి డెల్టాలో ఇటుక బట్టీ యజమానిని ఎవరిని కదిపినా ఊక ధర గురించి అరగంట చెబుతారు. లోడు ఎంత పెరిగింది, మిల్లుల వాళ్లు తమ బాయిలర్లకే ఎలా అట్టేపెట్టుకుంటున్నారు, కోళ్ల ఫారాల వాళ్లు ఎంతకు ఎగరేసుకుపోతున్నారు, అన్నీ లెక్కలతో సహా చెబుతారు. ఆ ఊకలో ఎంత ఇటుకను కాల్చింది, ఎంత నీళ్లను మరిగించింది, ఎంత ఊరికే గాలిని వేడెక్కించి పోయింది అని అడిగితే మాత్రం జవాబు రాదు. ఇక్కడ చెప్పబోయేది ఆ రెండో లెక్క.

పొగ తగ్గించడం ఊరి కోసం, ఖర్చు తగ్గించడం మన కోసం అని విడదీసి చూడనక్కర్లేదు. నల్లపొగ అంటే పూర్తిగా మండకుండానే గాల్లో కలిసిపోయిన ఇంధనం. మీరు డబ్బిచ్చి కొన్నదే పక్కవాళ్ల కొబ్బరాకుల మీద మసిగా పడుతోంది.

క్రమం మాత్రం తప్పవద్దు. ముందు తూకం, తర్వాత ఆరుదల, ఆ తర్వాత మట్టి, నేల, మంట, అన్నిటికన్నా చివర బట్టీ మార్పు. చాలామంది దీన్ని తోక దగ్గర నుంచి మొదలుపెడతారు. లక్షలు పోసి, వేడిగాలి మెలికలు తిరిగేలా ఇటుక పేర్చే జిగ్‌జాగ్ బట్టీ కట్టిస్తారు, అందులోకి పాత పద్ధతిలో తడి ఇటుకే పేరుస్తారు.

తూకం లేకుండా ఏదీ మొదలుపెట్టకండి

ఒక బట్టీకి వాడిన ఇంధనం మొత్తం బరువు, ఆ బట్టీలో కాలిన ఇటుకల మొత్తం బరువు, ఈ రెండు అంకెలు కావాలి. లోడుల లెక్క కుదరదు. ట్రాక్టరు తొట్టిలో తొక్కి నింపిన ఊకకూ పోసి వదిలేసిన ఊకకూ చాలా తేడా. వే బ్రిడ్జి చీటీలు దాచండి. ఇటుకలకైతే నాలుగు మూలల నుంచీ మధ్య నుంచీ పాతిక తీసి తూచి సగటు కట్టండి.

ఒక ఉదాహరణ. లక్ష ఇటుకకు 40 టన్నుల ఊక వాడారనుకుందాం. ఎండిన ఊక కిలోకు సుమారు 13 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. అంటే 5,20,000 మెగాజౌళ్లు. కాలిన ఇటుక 2.75 కిలోలైతే లక్షకు 2,75,000 కిలోలు. భాగిస్తే కిలో ఇటుకకు 1.9 మెగాజౌళ్లు. మట్టి పూసి కాల్చే మామూలు పేర్పు బట్టీలు కిలోకు సుమారు 1.5 నుంచి 3 దాకా తాగుతాయి. పెద్ద పొగ గొట్టం ఉన్న గుండ్రటి బట్టీలు 1.1 నుంచి 1.5, బాగా నడిపిన జిగ్‌జాగ్ బట్టీ ఒకటికి అటూ ఇటూ, ఇటుక పైనుంచి కిందికి దిగుతూ కాలే నిలువు బట్టీ ఇంకా తక్కువ. మీ అంకె ఎక్కడుందో తెలిస్తే ఎంత మిగుల్చుకోగలరో తెలుస్తుంది. బొగ్గు, సరుగుడు, కొబ్బరి డొక్కలు కలిపి వాడేవారు ఒక్కోదానికి విడిగా లెక్క వేసి కూడాలి. కొనేటప్పుడు కూడా టన్ను ధర కాక, ఆ టన్నులో వచ్చే వేడికి ధర కట్టి చూడండి. తడి సరుగుడు చవక అనుకున్నవాళ్లు ఆ లెక్క వేశాక సాధారణంగా మళ్లీ కొనరు.

నీళ్లు: డెల్టాకు ఉన్న ప్రత్యేక కష్టం

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. ఇది వదిలేస్తే మిగిలినవాటి లాభం కూడా తగ్గిపోతుంది.

పచ్చి ఇటుక బరువు 3 కిలోలు అనుకోండి. పైకి ఆరినట్టే ఉంటుంది, చేతికి తడి తగలదు. లోపల ఇంకా 5 శాతం నీరు ఉందంటే ఇటుకకు 150 గ్రాములు. లక్ష ఇటుకకు 15 టన్నులు. అంటే ఒక పెద్ద ట్యాంకరు నీళ్లు తెచ్చి బట్టీలో పోసి మరిగిస్తున్నారన్నమాట. కిలో నీటిని మామూలు వేడి నుంచి ఆవిరిగా మార్చడానికి సుమారు 2.6 మెగాజౌళ్ల వేడి కావాలి. వేడంతా నీటికే చేరిందనుకున్నా ఆ 15 టన్నులకు 3 టన్నుల ఊక ఆహుతి. బట్టీలో అంత పొదుపుగా వేడి చేరదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పోతుంది. ఆ పని ఎండా, పైరగాలీ ఉచితంగా చేసిపెట్టేవి.

తేమ కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పేర్పు మధ్యలో ఉన్న ఇటుకను ఒకటి తీసి పగలగొట్టండి. నడిమి భాగం నుంచి అర కిలో ముక్కలు వంటింటి త్రాసులో తూచండి. ఇనుప మూకుడులో వేసి సన్న మంట మీద కలుపుతూ వేడిచేయండి. పది నిమిషాలకోసారి తూచండి. రెండు తూకాల మధ్య తేడా లేకపోతే పూర్తిగా ఆరినట్టు. 500 గ్రాములు 475కు వచ్చి ఆగితే పోయిన నీరు 25 గ్రాములు, అంటే 5 శాతం. 3 శాతం దాటితే బట్టీలోకి ఎక్కించకండి. మేస్త్రీ విరిచి చూసి, రంగు చూసి చెప్పే మాట చాలావరకు నిజమే అవుతుంది, కానీ మబ్బు పట్టిన వారంలో ఆ కన్ను మోసపోతుంది. తూకం మోసపోదు.

ఇక ఆరబెట్టే పద్ధతి. సీజను డిసెంబరులో మొదలవుతుంది, సరిగ్గా మంచు కురిసే కాలం. పగలంతా ఎండలో పోయిన తేమ తెల్లవారుజామున మంచుతో కొంత తిరిగి చేరుతుంది. సాయంత్రం పైభాగం టార్పాలినుతోనో తాటాకుతోనో కప్పి, పొద్దున ఎండ రాగానే తీయించండి. పక్కలు కప్పవద్దు, గాలి ఆడాలి. ఇటుకల మధ్య వేలు దూరేంత సందు వదిలి, వరసకూ వరసకూ వాలు మార్చి పేర్చండి. వరసలు గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా కాక, గాలి సందుల్లోంచి సాగిపోయేలా ఉండాలి. అడుగు వరసను నేల మీద నేరుగా పెట్టవద్దు. నాలుగు అంగుళాల ఊక బూడిదో, ఇసుకో పరిచి దాని మీద పెట్టండి. కోసిన చోటు నుంచి బట్టీకి తెచ్చే తొందరలో అడుగు వరసలే ఎక్కువ తడిగా వస్తాయి.

ఇంధనానికీ ఇదే సూత్రం. పచ్చి సరుగుడులో సగం బరువు నీళ్లే ఉండవచ్చు. ఒక వేసవి ఎండితే అదే కట్టె రెట్టింపుకు దగ్గరగా వేడి ఇస్తుంది. ఈ ఏడాది కొన్న కట్టెను వచ్చే ఏడాది కాల్చగలిగేలా ఒక దొడ్డి నింపుకుంటే మంచిది. ఊక కుప్ప మీద రేకు లేకపోతే మాఘమాసపు మంచు కూడా చాలు దాన్ని పాడుచేయడానికి.

మట్టిలోనే కొంత ఇంధనం

నల్లమట్టి జిగురు ఎక్కువ, ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. లంక ఒండ్రు తేలిక, పగలదు కానీ బలం తక్కువ. రెండూ కలిపే అలవాటు మనవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. దానికి పొడి చేసిన ఊకను ఎండు మట్టి బరువులో 2 శాతంతో మొదలుపెట్టి కలపండి. ఇటుక లోపలి నుంచే మండుతుంది. 3 శాతం ఊక అంటే కిలో ఇటుకకు దాదాపు 0.4 మెగాజౌళ్లు లోపలే సమకూరినట్టు, మంచి బట్టీకి కావాల్సినదాంట్లో మూడో వంతు కన్నా ఎక్కువే. ఊకను పొడి చేయకుండా వేస్తే ఇటుక నిండా గుంటలు పడతాయి. పైకి వేసే ఊకను ఆ మేరకు తగ్గించడం మరిచిపోతే ఇటుకలు కరిగి ముద్దకట్టి అతుక్కుంటాయి. ఇటుక పగలగొడితే నడుమ నల్లగా ఉంటే లోపలి ఇంధనం మండటానికి గాలి చాలలేదని అర్థం. ఊక పాలు తగ్గించండి, లేదా 600 డిగ్రీల లోపు వేడిని ఇంకాస్త నిదానంగా ఎక్కించండి.

మార్పు చేసిన ప్రతిసారీ అయిదు ఇటుకలు ఎండబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం మామూలు తరగతి ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. నలగగొట్టే బలం కనీసం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు ఉండాలి. రెండోది దగ్గరలోని ఇంజినీరింగ్ కాలేజీలో పరీక్ష చేయించుకోవచ్చు.

మట్టి ఎక్కడిదన్నది వేరే ప్రశ్న. పంట చేలో పైమట్టి తీయడం నాకు ఏ లెక్కన చూసినా నష్టమే అనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో పూడిక తీస్తారు. జలవనరుల శాఖ, గనుల శాఖ అనుమతి తీసుకుని ఆ పూడికను కలుపుకోవడం మేలు. రొయ్యల చెరువుల మట్టి చవకగా వస్తోందని మాత్రం ఆశపడవద్దు. ఉప్పు ఇటుక మీద తెల్లగా పూస్తుంది, గోడ కట్టాక మేస్త్రీ మీ పేరే చెబుతాడు.

బట్టీ కింద నేల

అడుగు రెండు వరసలు ఎప్పుడూ సరిగా కాలవని చాలా బట్టీల్లో వింటాం. అడుగున ఊక ఇంకా పోస్తారు. కారణం చాలాసార్లు నేలలో ఉంటుంది. డెల్టాలో చాలా చోట్ల నాలుగడుగులు తవ్వితే నీళ్లు. వేడెక్కే కొద్దీ అడుగు నేల ఆ తడిని పైకి లాగుతుంది, మీ మంట దాన్ని మరిగిస్తూ కూర్చుంటుంది.

బట్టీ వేసే చోటును చుట్టుపక్కల కన్నా రెండడుగులు ఎత్తు చేయండి. అడుగున ముక్క ఇటుక ఒక అడుగు, దాని మీద పొడి బూడిద ఆరంగుళాలు, ఆపైన చదునుగా ఒక వరస ఇటుక పరవండి. ముక్కల మధ్య సందులు తడిని పైకి ఎక్కనివ్వవు, బూడిద వేడిని కిందికి దిగనివ్వదు. చుట్టూ కాలువ తీసి వాన నీరు దూరంగా పోయేలా చూడండి. ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

మంట, గాలి

బయటి గోడకు ఊక కలిపిన మట్టి రెండు పూతలు వేయండి. కాల్పు మొదలయ్యాక గోడ పగులుతుంది, అది సహజం. రోజూ రెండు పూటలా ఒక మనిషి తిరిగి ఆ పగుళ్లు పూడ్చాలి. పగులు ఎక్కడుందో కనపడకపోతే వెలిగించిన అగరొత్తి గోడ పక్కన నడిపించండి. పొగ గోడలోకి లాక్కుపోయిన చోట చల్లగాలి దూరుతోంది. పైకప్పు మీద బూడిద ఆరు నుంచి తొమ్మిది అంగుళాల మందం ఉండాలి.

వేడి ఎక్కించడం నిదానంగా మొదలుపెట్టండి. మొదటి దశలో నీరు ఆవిరై పోతుంది. అది పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక చల్లని ఇనుప చువ్వను పై రంధ్రంలో రెండు క్షణాలు ఉంచి తీయండి. చువ్వ మీద చెమట పడితే ఇంకా తేమ ఉంది, ఆగాలి. పొడిగా వస్తే మంట పెంచండి. తడి ఉండగానే మంట పెంచితే ఆవిరి తప్పించుకోలేక ఇటుక లోపలే పగులుతుంది. అంత ఇంధనం మింగి ముక్కలు మిగులుతాయి.

గొట్టం నుంచి వచ్చే పొగను చదవడం నేర్చుకోండి. తెల్లగా వచ్చి కొంత దూరంలో మాయమైతే ఆవిరి. నల్లగా వస్తే ఇంధనం ఎక్కువైంది లేదా గాలి చాలలేదు. ఏమీ కనపడకుండా, గొట్టం పైన గాలి మాత్రం వణుకుతుంటే మంట సరిగ్గా ఉన్నట్టు. ఇంధనం వేసిన వెంటనే నల్లపొగ పుట్టుకొచ్చి చాలాసేపు ఆగకపోతే ఒకేసారి ఎక్కువ వేస్తున్నారన్నమాట. అరగంటకోసారి పారలతో కుమ్మరించి టీ తాగడానికి వెళ్లే పద్ధతి మానిపించి, ఒక్క మనిషి చిన్న గరిటతో కొంచెం కొంచెంగా, ఆగకుండా వేసేలా చేయండి. వేసిన రంధ్రానికి వెంటనే మూత పెట్టాలి. బొగ్గు పెద్ద పెళ్లలుగా కాక నలిపి వేయాలి.

ఇవన్నీ చిల్లర పనుల్లా కనిపిస్తాయి. బంగ్లాదేశ్‌లో 276 జిగ్‌జాగ్ బట్టీల మీద జరిగి, 2025లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో చేయించినవి ఇలాంటివే: పేర్పు మార్చడం, ఆగకుండా కొంచెం కొంచెం ఇంధనం వేయడం, బూడిద కప్పు మందం చేయడం, సందులు మూయడం. పాటించిన బట్టీల్లో ఇంధన వాడకం 23 శాతం తగ్గింది. కొత్త యంత్రాలేవీ కొనలేదు.

పేర్పు బట్టీలకు గాలి ఇంకో తలనొప్పి. వేసవి సాయంత్రాల్లో పైరగాలి ఒక్కసారిగా లేస్తుంది. దక్షిణం వైపు ఇటుకలు మాడి, ఉత్తరం వైపువి పచ్చిగా మిగులుతాయి. గాలి వైపు పొయ్యి నోళ్లు సగం మూసి, బట్టీకి కొంత ఎడంగా రేకుల తడిక నిలబెట్టండి. తాటాకు తడిక వద్దు, నిప్పురవ్వ చాలు.

అంటించడానికి పాత టైర్లు, చేపల మేత ప్లాస్టిక్ సంచులు వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది నిషేధం, పైగా దాని పొగ ముందు పీల్చేది మీ కూలీలే. ఎండు కొబ్బరి మట్టలు ఉండగా ఆ అవసరమే లేదు.

బట్టీ మార్పు, నిబంధనలు

2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కొత్త ఇటుక బట్టీ ఏదైనా జిగ్‌జాగ్ పద్ధతిలోనో, నిలువు బట్టీగానో, పైపు గ్యాసుతోనో మాత్రమే పెట్టాలి. పాతవాటిని మార్చుకోవడానికి, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపల ఉంటే ఏడాది, మిగతా చోట్ల రెండేళ్లు గడువిచ్చారు. ఆ నగరాల జాబితాలో మన రాజమహేంద్రవరం, ఏలూరు ఉన్నాయి. రెండు గడువులూ దాటిపోయాయి. గొట్టం నుంచి వచ్చే ధూళి ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు మించకూడదు. కొలవడానికి గొట్టానికి రంధ్రం, నిలబడే వేదిక ఉండాలి. పెట్‌కోక్ (పెట్రోలియం శుద్ధిలో మిగిలే బొగ్గు), టైర్లు, ప్లాస్టిక్, ప్రమాదకర వ్యర్థాలు నిషేధం. వ్యవసాయ వ్యర్థాలకు అనుమతి ఉంది కాబట్టి ఊకకు ఇబ్బంది లేదు.

జనావాసాలకూ పండ్ల తోటలకూ 800 మీటర్ల దూరం, బట్టీకీ బట్టీకీ మధ్య కిలోమీటరు అని కూడా అందులో ఉంది. కోనసీమలో ఇల్లూ తోటా లేకుండా 800 మీటర్లు దొరకడం ఎంత కష్టమో ఆ నిబంధన రాసినవారికి తెలిసినట్టు లేదు. అయినా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బట్టీ పొగ తగిలిన మామిడికి కాయ కొన నల్లబడే జబ్బు వస్తుంది, తోట రైతు ఫిర్యాదు చేస్తే న్యాయం అతని వైపే ఉంటుంది. స్థలం కొనకముందే కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి సర్వే నంబరుతో వెళ్లి అడగండి. కట్టిన తర్వాత అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

జిగ్‌జాగ్‌లో వేడిగాలి ఇటుకల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి ఎక్కువసేపు ఇటుకను తాకుతుంది. పేర్పు ఒక్క అంగుళం తప్పినా ఆ లాభం పోతుంది. అందుకని కట్టించే ఖర్చులో కొంత భాగం, ఆ పేర్పు తెలిసిన మేస్త్రీని ఒక సీజను పెట్టుకోవడానికి కేటాయించండి. ఫ్యాను పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటరు కూడా లెక్కలో ఉండాలి.

జాడీలు, పింగాణీ చేసే యూనిట్లకు

ద్వారకా తిరుమల బంకమట్టితో సామాన్లు చేసే చిన్న యూనిట్లకు తూకం, ఆరుదల అన్నీ ఇవే. అదనంగా మూడు. సామానును ఒకసారి కాల్చి, గ్లేజు (మెరుపు పూత) పూసి మళ్లీ కాల్చే బదులు, పచ్చి సామానుకే గ్లేజు పూసి ఒకే కాల్పులో ముగించగలరేమో చూడండి. ఇది కుదిరితే ఇంధనం మీద పెద్ద ఆదా. రెండోది, సామానును బట్టీలోకి మోసుకెళ్లే బండి, దాని మీది పలకల బరువు. సామాను కన్నా వాటి బరువు ఎక్కువైతే మీరు రోజూ బండినే కాలుస్తున్నారు. తేలిక పలకలకు, లోపలి గోడకు వేడిని ఆపే తేలిక పీచు అయిన సిరామిక్ ఫైబరుకు మారండి. మూడోది, గ్యాసు బర్నర్ల దగ్గర గాలి పాళ్లు. పొగలో ఆక్సిజన్ 3 శాతం దగ్గర ఉంటే సరి, 10 చూపిస్తే చల్లగాలిని వేడిచేసి బయటికి పంపుతున్నట్టే. చల్లారే వైపు నుంచి వచ్చే వేడిగాలిని ఆరబెట్టే గదికి మళ్లించండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ప్రాణాలు పోయిన ప్రాంతం మనది, కాబట్టి లీకు పసిగట్టే పరికరం లేకుండా గ్యాసు బట్టీ వెలిగించకండి.

పొడి మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్‌జ్ లాంటి రాళ్లు నూరే చోట లేచే సన్న ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. చీపురు తీసేసి తడిగుడ్డతో తుడిపించండి, నూరడం నీళ్లతో చేయించండి, ఎన్95 మాస్కు ఇవ్వండి. నోటికి కట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపదు. గ్లేజు కడిగిన నీళ్లు రెండు తొట్లలో నిలవబెట్టి, పటిక వేసి తేర్చి, పైనీరు మళ్లీ కడగడానికే వాడండి. అడుగున మిగిలిన మడ్డిని కాలువలో వేయవద్దు. సీసం లేని గ్లేజు అయితే కొంత తిరిగి బంకమట్టిలో కలిపేయవచ్చు.

జూన్‌కు ముందు

ఊక బరువులో దాదాపు అయిదో వంతు బూడిదే. సీజను ముగిసేసరికి ప్రతి బట్టీ పక్కన ఒక గుట్ట తయారవుతుంది. కొంత ఇటుక మట్టిలోనే కలపండి, బంక తగ్గించడానికి పనికొస్తుంది. కొంత వచ్చే ఏడాది పైకప్పుకూ నేలకూ దాచండి. గోదావరి వరద జూలై, ఆగస్టుల్లో లంకల మీదికి వస్తుంది, గట్టు లోపల ఉన్న బూడిదంతా నదిలోకి కొట్టుకుపోతుంది. కాబట్టి మే నెలాఖరుకే బూడిదను గట్టు దాటించి, పల్లం కాని చోట పోసి, తడిపి, పైన మట్టి కప్పండి. మిగిలిన ఊకను రేకుల కిందికి చేర్చండి, బట్టీ నేల మీద టార్పాలిను పరచండి. వే బ్రిడ్జి చీటీలు, తేమ తూకాలు రాసిన పుస్తకాన్ని మాత్రం బట్టీ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. డిసెంబరులో ఊక బేరం మొదలైనప్పుడు ఎన్ని టన్నులు కావాలో చెప్పేది అదే.